జానపదం, జాజ్, ఒకే గది: ఆల్బమ్ పని డైరీ

పని మొదలు

ఇద్దరూ ఎవరి దారిలో వాళ్లు పేరు తెచ్చుకున్నవాళ్లే. ఆవిడ జానపద గాయని, ఫిడేలు కూడా వాయిస్తారు. ఆయన జాజ్ పియానిస్టు. కలిసి ఒక ఆల్బమ్ చేద్దామనుకున్నారు. రికార్డింగ్, మిక్సింగ్, మధ్యలో వచ్చే పంచాయితీలు నా వంతు. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో కొన్నాళ్లు పోతే ఎవరికీ గుర్తుండదు కాబట్టి పని నడుస్తుండగానే రాసిపెట్టుకుంటున్నాను. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను.

పేరున్న ఇద్దరు కలిస్తే మొదట అడ్డొచ్చేది మర్యాద. "మీరెలా అంటే అలా అక్కా" అని ఆయన, "నీ ఇష్టం తమ్ముడూ" అని ఆవిడ. ఇలాగే సాగితే ఒకరు పాడుతుంటే ఇంకొకరు వెనక అలంకారం చేస్తూ కూర్చుంటారు. జానపద బాణీ కింద నాలుగు బరువైన కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించేవి) పరిచి, మధ్యలో పియానో సోలో పెట్టి, మళ్లీ పల్లవి అందుకుని ముగించేస్తే దాన్ని కలిసి చేసిన పని అనడానికి నాకు మనసొప్పదు. అలాంటి రికార్డులు ఇప్పటికే చాలా ఉన్నాయి.

అందుకని ముందే ఒక షరతు పెట్టుకున్నాం. ప్రతి పాటలోనూ ఇద్దరిలో ఎవరో ఒకరు తమ అలవాటు ఒకటి వదులుకోవాలి. ఎవరు, ఏ అలవాటు అన్నది పాటను బట్టి తేలుతుంది.

వినికిడి

మొదట కొన్నాళ్లు వాయించలేదు, విన్నాం. స్వీడన్ పియానిస్టు యాన్ యోహాన్సన్ 1964లో తెచ్చిన 'జాజ్ పో స్వెన్‌స్కా'తో మొదలుపెట్టాం. స్వీడిష్ జానపద బాణీలు, ఆయన పియానో, జార్జ్ రీడెల్ బేస్. ఇంకెవరూ లేరు. బాణీని దాదాపు ఉన్నదున్నట్టే వాయిస్తాడు, హడావుడి ఉండదు. ఎంత విన్నా విసుగు రాదు. కానీ అందులో మాకు పనికొచ్చే జవాబు తక్కువ. అక్కడ గొంతు లేదు. శ్రుతీ కాలమూ రెండూ పియానో చేతిలోనే ఉన్నాయి. మాకొచ్చే చిక్కులన్నీ గొంతూ పియానో కలిసే చోటే.

1989 నాటి 'రూసెన్స్‌ఫోలె' ఇంకొంచెం దగ్గరగా అనిపించింది. నార్వే గాయని ఆగ్నెస్ బూయెన్ గార్నోస్, శాక్సోఫోన్ వాద్యకారుడు యాన్ గార్బరెక్ కలిసి చేశారు. గొంతు ముందు నడుస్తుంది, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. 1966లో శాక్సోఫోన్ వాద్యకారుడు జో హారియట్, కలకత్తాలో పుట్టిన స్వరకర్త జాన్ మేయర్ కలిసి చేసిన 'ఇండో-జాజ్ సూట్' కూడా పెట్టాను. ఒక పక్క జాజ్ బృందం, ఇంకో పక్క భారతీయ వాద్యాల బృందం. అప్పటికి అది పెద్ద సాహసమే. కానీ ఇప్పుడు ఏది ఎవరి వంతో టక్కున చెప్పేయొచ్చు. మాకు అది వద్దు.

జాజ్‌లోంచి జానపదంలోకి ఇప్పటికే తీసి ఉన్న తలుపు ఒకటుంది. 1959లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో కార్డులను గబగబా మార్చే పద్ధతి పక్కనపెట్టి, ఒకే స్వరాల వరుస మీద చాలాసేపు నిలబడ్డాడు. అందులోని 'సో వాట్' పదహారు బార్లు (బారు అంటే మన తాళావర్తం లాంటి కొలత) డి డోరియన్‌లో ఉంటుంది, ఎనిమిది బార్లు అర స్వరం పైకి జరుగుతుంది, మళ్లీ ఎనిమిది బార్లకు కిందికి వస్తుంది. డోరియన్ అంటే మన ఖరహరప్రియ స్వరాలే. ఆవిడ పాటల్లో చాలావాటికి ఇలాంటి నేల చాలు. కార్డులు ఎన్ని తగ్గితే బాణీ అంత కదులుతుంది.

పాటలు ఏరడం

ఆవిడ దగ్గర ఉన్నవి కుప్పలు. ఒక జోల, ఒక పనిపాట, పొడవైన కథాగేయం ఒకటి, ఫిడేలు మీద వాయించే చిందు బాణీ ఒకటి, ఇంకొన్ని చిన్నవి మిగిలాయి. వినగానే పియానిస్టుకి అందమైన కార్డులు తట్టిన పాటలను నేను పక్కనపెట్టమన్నాను. ఆయన మొదట నొచ్చుకున్నారు. అంత సులువుగా కార్డులు కూర్చుంటున్నాయంటే ఆ పాట ఆయనకు అలవాటైన చోట్లలోనే తిరుగుతోందని నా అనుమానం. ఆయన సొంత బాణీలు రెండు తెచ్చారు, ఒకటి ఉంచాం.

డ్రమ్స్ వద్దనుకున్నాం. దీని మీద పెద్ద చర్చేమీ జరగలేదు.

గాంధారం దగ్గర ఆగిపోయాం

పనిపాట డి శ్రుతిలో, అంటే షడ్జం పియానోలో డి మీట. మొదటి రిహార్సల్లో బాగానే ఉందనిపించింది, ఇంటికెళ్లి వింటే నచ్చలేదు. గొంతు ఒక్కటే ఉన్న పాత రికార్డింగు పక్కన పెట్టి విన్నాక కారణం దొరికింది. ఆవిడ గాంధారం పియానోలో లేదు.

ట్యూనర్ పెట్టి చూశాను. పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు. షడ్జం నుంచి చిన్న గాంధారం 300 సెంట్లు, పెద్ద గాంధారం 400. ఆవిడ పాడేది 350 చుట్టుపక్కల. అదీ ఒకచోట నిలవదు. పైకి పోయేటప్పుడు కాస్త ఎక్కువ, కిందికి దిగేటప్పుడు కాస్త తక్కువ. పియానో గాంధారం మోగిస్తే ఆవిడ గొంతు తెలియకుండానే దాని దగ్గరికి జరుగుతోంది. జరిగిన కొద్దీ పాట ఇస్త్రీ చేసిన చొక్కాలా తయారవుతోంది. తప్పేమీ లేదు, మడతలన్నీ పోయాయి అంతే.

ఒక దారి పియానోను తిరిగి శ్రుతి చేయించడం. ఒక్క పాట కోసం తీగలు మార్చి బిగిస్తే మిగతా పాటలకు మళ్లీ మార్చాలి, తీగలు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, అప్పటికి గాయని మూడ్ పోతుంది. ఇంకో దారి ఆ స్వరం వచ్చినప్పుడల్లా పియానో ఆగిపోవడం. అలా చేస్తే ఎక్కడ ఆగుతోందో వినేవాడికి తెలిసిపోతుంది.

చివరికి పియానోలోంచి గాంధారాన్నే తీసేశాం, రెండు రకాలూ. షడ్జం, పంచమం, రిషభం, మధ్యమం, ఒక స్వరం నుంచి దాని నాలుగో స్వరం చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చిన కార్డులు మాత్రమే. నాలుగుల మీద కట్టే ఆ పద్ధతి 1960ల్లో జాజ్ పియానిస్టు మెకాయ్ టైనర్ దగ్గర అందరూ విన్నదే, కాబట్టి జాజ్ చెవికి పరాయిది కాదు. కానీ అప్పుడప్పుడు వాడటం వేరు, పాటంతా అదే వాడటం వేరు. వేళ్లు వాటంతట అవే గాంధారం మీదికి పోతాయి. ఆయన ఆ రెండు గాంధారాల మీటలు, ఎఫ్, ఎఫ్ షార్ప్‌ల మీద రంగు కాగితం ముక్కలు అంటించుకున్నారు, ప్రతి స్థాయిలోనూ. అంత పేరున్న మనిషి కొత్తగా నేర్చుకునే పిల్లాడిలా కాగితాలు అంటించుకుంటుంటే ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు.

అయినా ఇంకా ఏదో గీసుకుంటోంది. రెండు రిహార్సల్స్ దాని వెనకే పడ్డాం. కింది స్థాయిలో డి తీగను గట్టిగా కొట్టి, మోత ఆగకుండా పెడల్ తొక్కి ఉంచితే, ఆ తీగలోంచి వచ్చే ఉపస్వరాల్లో ఐదోది రెండు స్థాయిల పైన ఎఫ్ షార్ప్ దగ్గర మోగుతుంది. అది 386 సెంట్ల స్వచ్ఛమైన గాంధారం. మీట నొక్కకపోయినా గాంధారం గదిలోనే ఉందన్నమాట! ఆవిడ 350 దగ్గర నిలబడితే రెండూ రాసుకుంటున్నాయి. ఎడమచేతి డి ఒక స్థాయి పైకి జరిపి, పెడల్ సగం మాత్రమే తొక్కమన్నాను. గీసుకోవడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

సోలోలోనూ ఆ రెండు స్వరాలు ముట్టుకోకూడదన్నాను. ఆయన ఒప్పుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. పన్నెండింటిలో రెండు తీసేస్తే మిగిలేవి పది, వాటిలోనే తిరగాలి. ఈ ఆల్బమ్ మొత్తంలో ఆయన వాయించిన మంచి సోలో అదేనని నా అభిప్రాయం. ఆయన అభిప్రాయం వేరు.

కథాగేయం: లెక్క కుదరని చోట

కథాగేయంలో వరుసలు ఒక కొలతలో ఉండవు. ఒకటి ఏడు మాత్రలు, ఇంకొకటి ఎనిమిది, కథలో ఎవరో చచ్చిపోయే చోట ఆరున్నర. మాట పొడుగును బట్టి, ఊపిరిని బట్టి. పియానిస్టు శ్రద్ధగా కూర్చుని మొత్తం రాసుకొచ్చారు. దాదాపు ప్రతి బారుకీ తాళం మారుతోంది. కాగితం మీద లెక్క తప్పు లేదు. వాయిస్తే మాత్రం వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టుంది.

"నువ్వు కాగితం చూస్తున్నావు తమ్ముడూ. నన్ను చూడు" అన్నారావిడ.

"మీరు నిన్న ఇదే వరుస ఇంకో రకంగా పాడారు కదక్కా."

"రేపు ఇంకో రకంగా పాడతాను."

ఆయన నొటేషన్ పక్కనపెట్టి, పాట మాటలను మాత్రమే రాసుకున్నారు. కార్డు మారే చోట ఆ మాట కింద గీత. అంతకుమించి గుర్తులేవీ లేవు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించేలా కూర్చోవాలి, ఆవిడ ఊపిరి తీసుకోవడం ఆయనకు కనబడాలి. ఇది తర్వాత మైకుల దగ్గర నా ప్రాణం తీసింది. ఈ పాటలో ఆయన వదులుకున్నది బారు గీత.

చిందు బాణీలో ఆవిడ వంతు

ఇక్కడ ఆకారం విషయంలో గొడవ లేదు. ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండుసార్లు, మొత్తం ముప్పై రెండు. జాజ్‌లోనూ ముప్పై రెండు బార్ల పాటలు కొల్లలు. ఆయనకు ఇల్లు దొరికినట్టయింది.

గొడవ సోలో దగ్గర. ఆయన సోలో మొదలుపెట్టినా ఆవిడ బాణీ వాయించడం ఆపలేదు. జానపద ఫిడేలు వాళ్ల పద్ధతి అదే, బాణీ చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. ఆపండి అంటే, "బాణీ ఆగితే ఇంకేముంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జాజ్ వాళ్ల చెవిలో బాణీ ఆగదు, వినబడకుండా నడుస్తుంటుంది, దాని మీద సోలో కడతారు. ఆ నడక మనసులో లెక్కపెట్టుకోవడం ఆవిడకు కొత్త.

ఇంకో సంగతి. ఆవిడ ఒక బాణీని ఎన్నిసార్లు తిప్పినా అలంకారం ఒకేలా వేయరు. విల్లు తిప్పే తీరూ మారుతుంది. అదీ అప్పటికప్పుడు పుట్టేదే, కాకపోతే బాణీని వదిలి బయటికి రాదు. ఈ మాట పియానిస్టే అన్నారు.

ఆవిడ ఫిడేలు తీగల్ని కింది నుంచి ఏ, ఈ, ఏ, ఈ అని శ్రుతి చేస్తారు. మామూలుగా ఉండే జి, డి తీగలను ఒక్కో స్వరం పైకి బిగించడమన్నమాట. విల్లు ఎటు లాగినా ఖాళీ తీగ ఒకటి తోడు మోగుతుంది. సోలో వచ్చినప్పుడు బాణీ ఆపి, ఆ ఖాళీ తీగలనే మోగిస్తూ ఉండటానికి ఒప్పుకున్నారు. ఆవిడ వదులుకున్నది చిన్నదేం కాదు. మొదట్లో ఆ ముప్పై రెండు బార్లూ ముళ్ల మీద కూర్చున్నట్టే కూర్చున్నారు. ఇప్పుడు ఆయన సోలోలో మంచి ముక్క వస్తే తీగ మార్చి జవాబిస్తున్నారు.

స్వింగ్, అంటే జంట స్వరాల్లో ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా వాయించే జాజ్ ఊపు, దాని సంగతి ఇంకా తేలలేదు. మధ్యస్థ వేగంలో జాజ్ జంట స్వరాలు దాదాపు రెండుకి ఒకటి నిష్పత్తిలో నడుస్తాయి, వేగం పెరిగితే సమానానికి దగ్గరవుతాయి. ఆవిడ విల్లులో ఉన్న ఊపు ఆ నిష్పత్తి కాదు. వేగం కాస్త పెంచితే రెండూ దగ్గరకొస్తున్నాయి. అందుకని పెంచాం. చిట్కా వైద్యమే అనుకోండి.

జోల

ఆయన ఈ పాటకు అద్భుతమైన కార్డులు కట్టారు. లోపలి స్వరాలు ఒక్కో అర మెట్టు దిగుతూ, ఎవరైనా మెచ్చుకునేలా. ఆవిడ మొత్తం పాడి, "బిడ్డ లేస్తుంది" అన్నారు. ఆయన నవ్వేసి రెండు కార్డులు ఉంచి మిగతావి తీసేశారు.

ఏడుపు పాట ఒకటి జాబితాలో ఉండేది. దాన్ని పియానోతో పాడనని ఆవిడ చెప్పేశారు. ఎందుకని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. తీసేశాం.

గది, మైకులు

హెడ్‌ఫోన్లు లేవు, క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో కొట్టే టిక్ టిక్) లేదు, ఇద్దరూ ఒకే గదిలో. గొంతు మైకులోకి పియానో, పియానో మైకుల్లోకి గొంతు రావడం ఖాయం. తర్వాత గొంతు శ్రుతి సవరించడం, ఒక్క గొంతునే మళ్లీ పాడించి అతికించడం కుదరవు. ఇది ఇద్దరికీ ముందే చెప్పి ఒప్పించాను.

గొంతుకి ఎనిమిది అంకె ఆకారంలో వినే మైకు పెట్టాను. ముందు నుంచి, వెనక నుంచి వింటుంది. పక్కల నుంచి వచ్చేది దానికి దాదాపు వినబడదు. ఆ చెవిటి పక్క పియానో వైపు తిప్పాలి. కాగితం మీద సులువే. కానీ ఆవిడ ఆయన్ని చూస్తూ పాడతారు కదా, నేరుగా పియానో వైపే తిరిగి. మైకు తిప్పితే గొంతు పోతుంది, తిప్పకపోతే పియానో వచ్చి పడుతుంది. ఆవిడ కుర్చీని జరిపితే పాట మారుతోంది. చివరికి పియానోనే తిప్పించాం. మూతతెరిచిన వైపు ఆవిడకు ఎదురుగా లేకుండా, ఆయన ముఖం మాత్రం కనిపించేలా. మనుషుల్ని పిలిపించి అంత బరువు జరిపిస్తుంటే నావైపు చూసిన చూపులు గుర్తున్నాయి.

గొంతుకీ పియానో మైకులకీ మధ్య సుమారు మూడు మీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది కాబట్టి తొమ్మిది మిల్లీసెకన్ల ఆలస్యం. దాన్ని కంప్యూటర్లో జరిపి సరిచేయాలనిపిస్తుంది. చేయలేదు. ఆ ఆలస్యమే గది ఎంత ఉందో చెవికి చెబుతుంది. ఫిడేలుకి రిబ్బన్ మైకు, విల్లు గరగర కొంచెం మెత్తబడుతుందని. రికార్డింగు నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్.

పియానో పెడల్ కిర్రుమంటోంది. ఫెల్ట్ ముక్కతో సరిపోయింది.

రికార్డింగ్

పాటలను పూర్తిగా, మొదటి నుంచి చివరిదాకా. ఉదయం పియానో కొత్తగా శ్రుతి చేసి ఉంటుంది, ఆవిడ గొంతు మాత్రం మధ్యాహ్నానికి గానీ తెరుచుకోదు. అందుకని ఉదయం చిందు బాణీ, ఆయన సొంత బాణీ. మధ్యాహ్నం, ముందు ఒకసారి పియానో శ్రుతి సరిచూపించి, ఆ తర్వాత పాటలు.

ఆవిడ ఒంటరిగా మొదలుపెట్టే పాటల్లో ఉత్సాహం వచ్చేసరికి శ్రుతి కాస్త పైకి పోతుంది. పియానో అందుకోగానే తేడా బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆయన ముందుగానే పంచమం ఒక్కటి చాలా మెల్లగా మోగించి పట్టు ఇచ్చారు. కథాగేయంలో మాత్రం అలాగే వదిలేశాం. పియానో వచ్చేసరికి ఆవిడ గొంతు కాస్త పైనుంచి దిగి దాంతో కలుస్తుంది. సరిచేస్తే ఆ దిగడం పోతుంది.

పనిపాటలో ఎంచుకున్న టేకులో (ఒకసారి మొత్తంగా చేసిన రికార్డింగులో) ఆవిడ గొంతు ఒకచోట జీరపోయింది. ఇంకో టేకులో గొంతు శుభ్రంగా ఉంది, కానీ అందులో ఆయన సోలో పొదుపుగా, జాగ్రత్తగా ఉంది. ఇద్దరూ మొదటిదే కావాలన్నారు. నేనూ అదే అనేవాడిని.

ఎడిటింగ్, మిక్స్

క్లిక్ లేదు కాబట్టి రెండు టేకుల వేగం కలవదు. పెడల్ మోత సాగుతుండగా కోత పెడితే తెలిసిపోతుంది. ఊపిరి తీసుకునే చోట, పియానో పూర్తిగా ఆరిపోయిన చోట మాత్రమే అతుకు. చాలా పాటల్లో అలాంటి చోటే లేదు, కాబట్టి అతుకూ లేదు.

మిక్స్ తొందరగా అయిపోయింది. గదిలో సర్దుకున్నాం కదా, ఇక్కడ పెద్దగా మిగల్లేదు. గొంతు మధ్యలో, పియానో వినేవాళ్లకి ఎదురుగా పెట్టినట్టు. కంప్రెషన్, అంటే మెల్లని, గట్టి శబ్దాల మధ్య తేడా తగ్గించడం, తక్కువ.

ఎంత గట్టిగా ఉండాలన్నదే చర్చ. వినబడే గట్టితనాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో కొలుస్తారు, అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టి. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి సర్దుతుంది, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గరికి. మా కథాగేయం మైనస్ 18 దగ్గర ఉంది. పైకి నెట్టాలంటే, గట్టి శబ్దాలకు హద్దు వేసే లిమిటర్‌తో ఫిడేలు అంచులు నొక్కేయాలి. నెట్టొద్దని ఇద్దరూ గట్టిగా అన్నారు. ఆల్బమ్‌గా వింటే పాటల మధ్య తేడాను ఆ సర్దుబాటు అలాగే ఉంచుతుంది కాబట్టి జోల జోలలాగే మెల్లగా వినిపిస్తుంది. పీక్ (శబ్దం అన్నిటికంటే పైకి పోయే చోటు) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకున్నాను.

వరుస, ఎల్పీ

ఎల్పీ (గ్రామఫోన్ పళ్లెం) కూడా వేస్తున్నాం. ఒక వైపు 22 నిమిషాలు దాటితే గట్టితనం తగ్గించాల్సి వస్తుంది. ఇంకో సమస్య లోపలి గాడులు. పళ్లెం తిరిగే వేగం ఒక్కటే అయినా, అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరిగెత్తితే లోపలికొచ్చేసరికి 21కి పడిపోతుంది. స, ష శబ్దాలు అక్కడ చిట్లుతాయి. కథాగేయాన్ని చివర పెట్టాలని ఆవిడ కోరిక, కానీ దాన్నిండా సకారాలే. దాన్ని రెండో వైపు మొదట్లోకి తెచ్చి, చివర జోల పెట్టాం. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకున్నట్టు లేరు.

పేర్లు, హక్కులు

బాణీలు సంప్రదాయంవి, అమరిక ఇద్దరిదీ. మొదట పంపిన కాగితాల్లో అమరిక దగ్గర పియానిస్టు పేరొక్కటే వచ్చింది. నొటేషన్ రాసినవాడే అమర్చినవాడని ఫారాలు అనుకుంటాయి కాబోలు. ఆయనే ఫోన్ చేసి ఆవిడ పేరు చేర్పించారు, సగం సగం. ఆయన సొంత బాణీ ఆయనదే. పాటలు ఆవిడకు నేర్పినవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల పేర్లు కవరు లోపల వస్తాయి.

కథాగేయం ముందు పాత ఫీల్డ్ రికార్డింగు (పాడేవాళ్ల దగ్గరికే వెళ్లి చేసినది) ముక్క ఒకటి పెట్టాలనుకున్నాం. బాణీ ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని ఒకరు పాడితే ఇంకొకరు చేసిన రికార్డింగుకు వేరే హక్కులుంటాయి. అనుమతి ఎవరిని అడగాలో తేలేసరికి ఆలస్యమవుతుందని వదిలేశాం. ప్రతి ట్రాకుకీ, ఆ రికార్డింగును గుర్తుపట్టేందుకు, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వేయించాను.

ఇప్పటికి

మాస్టర్లు (తుది ప్రతులు) వెళ్లాయి. టెస్ట్ ప్రెస్ (ఎల్పీ నమూనా) రాగానే రెండో వైపు మొదటి పాటలో సకారాలు, పనిపాట సోలోలో పెడల్ రొద వినాలి. స్టేజీ మీద వాయించే ఆలోచన మొదలైంది. ప్రతి హాల్లోనూ వేరే పియానో, వేరే శ్రుతి, మూత ఎటు తెరుచుకుంటుందో తెలియదు. కాగితం ముక్కలు లేకుండా పనిపాట వాయించగలనని ఆయన అంటున్నారు, ఆవిడ నమ్మడం లేదు. వచ్చే వారం కాగితాలు తీసేసి ఒక రిహార్సల్ పెట్టుకున్నాం.